అక్క తిప్పి పంపిన బ్యాగు

అక్క పోయాక ఆమె చీరలన్నీ అడిగినవాళ్ళకు ఇచ్చేసి, హ్యాండ్‌బ్యాగు మాత్రం బావ నాకోసం ఉంచాడు. శ్రీరాంపూర్ క్వార్టర్‌లో తలుపు వెనక మేకుకు వేలాడుతున్న దాన్ని తీసి, తువ్వాలతో తుడిచి నా చేతికిచ్చాడు.

"గిది అసలు తోలు. నీ తర్వాత నీ బిడ్డ గూడ వేసుకుంటది," అన్నాడు.

కరీంనగర్ బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. లోపల అక్క తలనొప్పికి రాసుకునే బామ్ వాసన ఇంకా ఉంది. ఆ బ్యాగు గురించి చెప్పాలంటే, దానికంటే ముందు ఆ ఇంటికి వచ్చి వెనక్కి వెళ్ళిన మరో బ్యాగు గురించి చెప్పాలి.

అక్కా నేనూ ఇచ్చోడలో పెరిగాం. అక్క నర్సు పని నేర్చుకుని, పెళ్ళయ్యాక శ్రీరాంపూర్ వెళ్ళి అక్కడి ఆస్పత్రిలో చేరింది. బావ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను కరీంనగర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. అక్క డ్యూటీకి తీసుకెళ్ళేవి ఎప్పుడూ మంచిర్యాల బజారులో కొన్న రెగ్జిన్ బ్యాగులే. ఒక వానాకాలం గడిస్తే వాటి అంచులు పొరలు పొరలుగా లేచేవి. అక్క ఆ పొరల్ని గోటితో గిల్లేసి, పైన నల్ల మార్కర్ రాసి, ఇంకొన్నాళ్ళు లాగేది.

ఒకరోజు వార్డులో ఒక పెద్దావిడను స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే, ఆవిడ కూతురు తన బ్యాగు తీసి అక్క చేతికి తగిలించింది. అక్క దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడిందట. తర్వాత అడిగితే, అది వాళ్ళమ్మదేనని చెప్పిందట ఆ అమ్మాయి. అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే వేసుకుందట. ఆ రోజు అక్క నాకు ఫోన్ చేసింది.

"ఆ పిల్ల పుట్టకముందు కొన్నదట చెల్లె. నేను కొత్తదనుకున్న. పట్టీ పట్టుకుంటే ఇడువబుద్ధి కాలే."

అక్క తనకంటూ ఏదైనా కావాలని అడగడం నేను ఎక్కువగా వినలేదు. రిటైరయ్యేలోపు అలాంటిది ఒకటి, నకలు కాకుండా నిజమైనది, కొనుక్కోవాలని ఆమెకు పట్టుకుంది. అదొక విదేశీ కంపెనీ బ్యాగు. కొత్తది ఎంతో ఫోన్‌లో చూసి నవ్వి, పక్కన పెట్టేసింది. వాడినవి కూడా ఆన్‌లైన్‌లో ఒక యాప్‌లో అమ్ముతారని నేనే చెప్పాను.

ఏ పని చేసినా దాని గురించి ముందు చదవడం నా అలవాటు. ఇదీ చదివాను. అమ్మేవాళ్ళు ఆ యాప్‌లో ఎన్నాళ్ళుగా ఉన్నారో, ముందు కొన్నవాళ్ళు ఏమన్నారో చూడమన్నాను. ఫొటోలు వాళ్ళ ఇంట్లో తీసినవో, ఎక్కడినుంచో తెచ్చి పెట్టినవో గమనించమన్నాను. మూలలు, జిప్పు, లోపలి కుట్లు దగ్గరగా చూపించమని అడగాలి. తొందరపెట్టేవాళ్ళ దగ్గర కొనకూడదు. నచ్చకపోతే తిరిగి తీసుకుంటారో లేదో ముందే తెలుసుకోవాలి. అక్క అన్నిటికీ ఊఁ కొట్టింది.

అలా వెతికి వెతికి హైదరాబాద్‌లో ఒక పెద్దావిడను పట్టుకుంది. ఆవిడ తన సొంత బ్యాగుల్నే ఒక్కొక్కటిగా అమ్ముకుంటోంది. తెల్లటి దుప్పటి మీద, కిటికీ వెలుతురులో తీసిన ఫొటోలు. మొదటి ఫొటో బ్యాగుది కాదు, దాని లోపలి సిరా మరకది. రెండోది అరిగిన మూలది. వాడీ వాడీ పట్టీ రంగు మారిందని కింద రాసింది. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక్క వాక్యంలో జవాబిచ్చేది. ధర తగ్గించలేదు. అక్కను మేడమ్ అనేది. పిల్లలెందరని అక్క అడిగితే దానికి మాత్రం జవాబు రాలేదు.

అక్క వాళ్ళ కాలనీలో అది పెద్ద లోటు. ఎక్కడెక్కడి నుంచో బాయి పనికి వచ్చి పక్కపక్కన క్వార్టర్లలో స్థిరపడ్డ మనుషులు వాళ్ళు. వచ్చిన మొదటి రోజే ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చుకుంటారు. చీరల మూట తెచ్చే ఆవిడైనా రెండోసారి వచ్చేసరికి అక్కో, వదినో అవుతుంది. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగాకే మూట విప్పుతుంది. వరస కలపని మనిషి దగ్గర ఏదైనా కొనడం అక్కకూ కొత్తే.

బావకైతే ఆ ఫొటోలు చూసినప్పటినుంచే అనుమానం.

"తన సరుకుల తప్పులు తనే చెప్పేటోళ్ళను నేనెక్కడ చూడలే," అన్నాడు. "గింత చెప్పిందంటే చెప్పనిది ఎంతున్నదో."

అయినా అక్క కొన్నది. పార్సెల్ వచ్చిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అక్క చేతులు కడుక్కుని వచ్చి, ఆస్పత్రి కత్తెరతో టేపు కోసింది. బ్యాగు బయటికి తీసి, ముందు పట్టీ పట్టుకుంది. దాన్ని భుజానికి వేసుకుని వంటింటి దాకా నడిచి వచ్చింది.

బావ చెయ్యి చాపాడు.

తోలు విషయంలో ఆ వరస క్వార్టర్లన్నిటికీ బావ మాటే మాట. బాయిలోకి దిగేవాళ్ళకు బూట్లు, నడుముకు బెల్టు తోలువి ఇచ్చేవారు. కొత్త జత రాగానే ఆముదం పట్టించి, ఎండ తగలకుండా ఆరబెట్టి, మళ్ళీ పట్టించేవాళ్ళు. మంచి తోలు నూనె తాగుతుందని, చెడ్డది మీదే ఉంచుకుంటుందని బావ చెప్పేవాడు. చెప్పులు, బెల్టులు ఏవి కొన్నా అందరూ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టేవాళ్ళు.

ఆయన లుంగీకి చేతులు తుడుచుకుని, బ్యాగును వాసన చూశాడు. బొటనవేలితో నొక్కాడు. మూల వంచి వదిలాడు. మళ్ళీ వాసన చూశాడు.

"గిది తోలు కాదు."

పక్క క్వార్టర్ ఆయన వచ్చి చూశాడు. ఆయన భార్య చూసింది. నేనూ చూశాను. తోలు వాసన రాలేదు.

"వదినా, గిది మన రెగ్జినే," అంది పక్కింటావిడ. "నల్ల మార్కర్ ఇంట్ల ఉన్నదా, తెచ్చియ్యాల్నా?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వాక మెల్లగా, "పట్టీ మాత్రం గట్లనే ఉన్నది, ఆస్పత్రిల పట్టుకున్నట్టే," అంది.

"పట్టీకి తోలు పెట్టి, మిగిలిన పెయ్యంత ప్లాస్టిక్ పెట్టింది. గదే మోసం," అన్నాడు బావ.

అక్క వార్డులో పెద్ద డాక్టర్లతో కూడా వాదించే మనిషి, ఇంట్లో నలుగురు నవ్వుతుంటే ఎదురు చెప్పేది కాదు. సాయంత్రానికి యాప్‌లో కారణం దగ్గర నకిలీ అన్నదాన్ని నొక్కి, బ్యాగు వెనక్కి పంపింది. హైదరాబాద్ ఆవిడ నుంచి జవాబు వచ్చింది. తాను అమ్మింది అసలుదేనని, నమ్మకం కలగని వస్తువు ఎవరి దగ్గరా ఉండకూడదు కాబట్టి తిరిగి తీసుకుంటానని రాసింది. అక్క దాన్ని పైకి చదివింది.

"చూసినవా, లొల్లి పెట్టలే," అన్నాడు బావ. "తప్పు చేసినోళ్ళే గట్ల సప్పుడు చేయక తీసుకుంటరు."

తర్వాత కొన్నాళ్ళకు ఫోన్‌లో లైవ్ పెట్టి అదే కంపెనీ పేరున్న పాత బ్యాగులు అమ్మే ఒక అమ్మాయి దొరికింది. మొదటి మాటే అక్కా అంది. తన తండ్రి కూడా బెల్లంపల్లిలో బాయి పని చేశాడని చెప్పింది. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. బావను బావా అనే పిలిచింది. ఏ షిఫ్టు చేసేవాడివని అడిగింది, మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. బ్యాగు తోలు కాకపోతే పొయ్యిలో పెట్టుకొమ్మంది. బావ ఆమెతో మాట్లాడుతుంటే, కాలనీలోంచి పెళ్ళయి వెళ్ళిన పిల్లతో మాట్లాడుతున్నట్టే ఉండేది.

లోపలి కుట్ల ఫొటో, పాత బిల్లు ఉంటే అదీ అడగాలని అక్క అనుకుంది. నేనూ అడగమన్నాను.

"వరస కలిపిన పిల్లను బిల్లు అడుగుతవా?" అన్నాడు బావ. "బాయి పిల్ల బాయోళ్ళను మోసం చేస్తదా?"

అక్క అడగలేదు.

ఆ బ్యాగు వచ్చినప్పుడు ఇల్లంతా తోలు వాసన. బావ ముఖం వెలిగిపోయింది. ఇప్పుడే నూనె అక్కర్లేదని, రెండు వానాకాలాలు చూశాక పట్టించాలని చెప్పాడు. అక్క దాన్ని రిటైరయ్యే రోజు దాకా డ్యూటీకి తీసుకెళ్ళింది. పెళ్ళిళ్ళకు వేసుకుంది. జబ్బు బయటపడ్డాక హైదరాబాద్ ఆస్పత్రులకు స్కాన్ కాగితాలు అందులోనే పెట్టుకుని వెళ్ళింది. ఆ తిరుగుళ్ళలో బావకు నూనె పట్టించే సంగతే గుర్తు రాలేదు. వరుసలో కూర్చున్నప్పుడు రెండు చేతులూ దాని మీద పెట్టుకునేది. ఎవరైనా బాగుందంటే, "మా ఆయన చూసి తీసుకున్నడు," అనేది. అది సంతోషమే అనుకున్నాను నేను.

నా దగ్గరికి వచ్చాక మొదటి వానలకే ఆ బ్యాగు మూల దగ్గర పైపొర లేచింది. గోటితో లాగితే ఊడి వచ్చింది. కింద బూడిద రంగు గుడ్డ. పాత రెగ్జిన్ బ్యాగులు ఎలా పోయేవో ఇదీ అలాగే పోతోంది. ఆ వాసన ఎలా పట్టించారో నాకు తెలియదు.

అప్పుడు కూర్చుని, మొదట చదవాల్సింది చదివాను. అక్క ఆస్పత్రిలో పట్టుకున్న రకం బ్యాగు అసలు తోలుతో చేసేదే కాదు. వానకు పాడవకుండా పూత వేసిన గుడ్డ అది. అంచులకు, పట్టీకి మాత్రమే తోలు వాడతారు. ఆ తోలు మొదట తెల్లగా ఉండి, చేతి చెమటకు ఏళ్ళ మీద గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూసే తెలిసినవాళ్ళు నమ్ముతారు. అలాంటి బ్యాగు తోలుదని తెలిసినవాళ్ళెవరూ అనుకోరు కాబట్టి హైదరాబాద్ ఆవిడ అది విడిగా రాయలేదు. బావ చెప్పిందీ నిజమే. అది తోలు కాదు. కాకపోవడమే దాని అసలుతనమని మాలో ఎవరికీ తెలియదు.

అక్క ఫోన్‌ను బావ ఇంకా చార్జింగ్ పెట్టి ఉంచుతున్నాడు. శ్రీరాంపూర్ వెళ్ళినప్పుడు అందులో వెతికితే హైదరాబాద్ మేడమ్ అన్న పేరుతో నంబరు కనబడింది. ఇంటికి వచ్చి ఫోన్ చేశాను. అక్క తరఫున ఒక మాట చెబుదామనుకున్నాను.

నేనెవరో చెప్పగానే ఆవిడ, "మీ అక్కగారు బావున్నారా?" అని అడిగింది. అక్క పోయిందని చెప్పాను.

తర్వాత ఆవిడే చెప్పింది. రెండో బ్యాగు వచ్చిన వారంలోనే అక్క ఆవిడకు ఫోన్ చేసిందట. మొదటిది అసలుదేనని పట్టుకోగానే తనకు తెలిసిందని, గట్టిగా చెప్పలేకపోయానని అందట. అది ఇంకా ఉందా అని అడిగిందట. అప్పటికే ఎవరో కొన్నారు. అప్పుడు రెండో బ్యాగు ఫొటోలు పంపి, ఇదెలాంటిదని అడిగిందట. ఆవిడ ఉన్నమాట చెప్పింది, నకలని. ఇంకా గడువు ఉంది, ఎలా తిప్పి పంపాలో చెబుతానంది.

"వద్దన్నారు. వాళ్ళాయన అంత ఇష్టంగా చూసి కొన్నారట. ఇది కూడా వెనక్కి పంపితే ఇంక ఆ కాలనీలో ఆయన దగ్గరికి ఎవరూ ఏమీ తీసుకురారన్నారు. అలాంటిదే ఇంకోటి దొరికితే చెబుతానన్నాను. దొరికాక ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు."

అది ఎప్పుడని అడగలేదు. ఆస్పత్రి రోజులై ఉంటుంది.

మోసపోకుండా కొనడం గురించి నేను చదివిన సలహాలన్నీ అమ్మేవాళ్ళ గురించే. నిజాయితీగా అమ్మే మనిషి అక్కకు మొదటిసారే దొరికింది. ఆ మనిషిని గుర్తుపట్టిందీ అక్క ఒక్కతే. కొనే ఇంట్లో ఎవరి మాట నిలుస్తుందో ఆ సలహాల్లో ఎక్కడా లేదు. అక్క కోరుకున్నది ఒక్క మధ్యాహ్నం ఆమె భుజం మీద ఉంది. వంటింటి దాకా వెళ్ళి వచ్చింది.

మొన్న చుట్టాల పెళ్ళికి కరీంనగర్ వచ్చిన బావ మా ఇంట్లో దిగాడు. గోడకున్న బ్యాగు చూసి, దింపి, లేచిన మూల తడిమాడు.

"ఏందే మరదలా, ఎండల పెట్టినవా? తోలు గట్ల ఎండితే పలుగుతది. ఆముదం ఉన్నదా ఇంట్ల?"

ఉందన్నాను. లేదనాల్సింది. ఆయన కింద కూర్చుని, గుడ్డ ముక్కకు ఆముదం అద్ది, మూల నుంచి మొదలుపెట్టి గుండ్రంగా రుద్దాడు. కాసేపు ఆగి చూశాడు. నూనె రాసిన చోటే నిలిచి మెరుస్తోంది. ఇంకోసారి రుద్దాడు. లేచిన పొరను వేలితో ఎత్తి, కింది గుడ్డను చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇప్పుడు దానికి ఆముదం వాసన తప్ప ఏదీ లేదు.

నూనె గుడ్డను పక్కన పెట్టాడు.

"నూనె గుంజుతలేదు," అన్నాడు. తర్వాత, "మీ అక్కకు ఎరుకేనా?" అని అడిగాడు.

"లేదు బావా. ఎరుక లేదు."

ఆయన తలూపాడు. భుజం మీది తువ్వాల తీసి, మిగిలిన నూనెను మూల నుంచి తుడవడం మొదలుపెట్టాడు.