కాలికి చదువు చెప్పిన సుగుణ ఆంటీ

ఈ ఉదయం షిఫ్టుకి ముందు లాకర్ల గదిలో ఎవరో నొప్పుల మందు రాసుకుంటున్నారు. పుదీనా, కర్పూరం కలిసిన ఆ ఘాటు ముక్కుకి తగలగానే నా కుడికాలి చీలమండ తనంతట తానే బిగుసుకుంది. కెనడాలోని హామిల్టన్‌లో ఈ ఉక్కు కర్మాగారంలో చేరి ఇన్నేళ్ళయినా ఆ వాసన నన్ను నేరుగా సార్నియాకి లాక్కుపోతుంది. అక్కడ సుగుణ ఆంటీ వంటింట్లో ఒంటికాలి మీద నిలబడి ఉంటారు. అప్పటికే వయసు డెబ్బై దాటింది, చెయ్యి మాత్రం దేన్నీ పట్టుకుని ఉండదు.

నేను సార్నియాలో చదివిన రోజుల్లో మన పిల్లలు విమానాల నిండా దిగుతుండేవారు. కాలేజీలో ఏ బెంచీ చూసినా వరంగల్, నిజామాబాద్, గుంటూరు, కడప. ఊళ్ళో బస్సులు తక్కువ, మాలో ఎవరికీ కారు లేదు. ఓ జనవరి పొద్దున కదలబోతున్న బస్సు కోసం పరుగెత్తి, రోడ్డు అంచున గడ్డకట్టిన మంచు మీద కుడిపాదం లోపలికి మడతపడి కూలబడ్డాను. మేం అద్దెకున్న బేస్‌మెంట్‌లోని అమ్మాయిలందరూ ఆ పూటకి వైద్యులైపోయారు. ఒకామె ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. ఇంకొకామె బామ్ పూసి బలంకొద్దీ రుద్దింది. మూడో ఆమె నరం ఎక్కిందని తేల్చి బొటనవేలు పట్టుకుని లాగింది. సాయంత్రానికి పాదం బన్నులా పొంగింది. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్‌లో ఎముక విరగలేదని చెప్పి, వ్యాయామాల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. దాన్ని బ్యాగులో కుక్కాను. వాపు తీయగానే నయమైపోయిందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

అలా తీర్మానించుకోక తప్పదు మరి. ఆరు వారాల్లో ఒక రసాయనాల ప్లాంటులో, చదువులో భాగమైన నా ప్లేస్‌మెంట్ మొదలు. మొదటిరోజే బరువైన బూట్లతో, ఇనుప జాలీ మెట్ల మీద నాలుగంతస్తులు ఎక్కి దిగి చూపించాలి. కుంటితే ఇంటికి పంపేస్తారు. మళ్ళీ అవకాశం ఏడాది తర్వాతే, నా స్టడీ పర్మిట్ అంతవరకూ ఉండదు.

పది రోజులకి సరుకుల దుకాణంలో, పొడిగా చదునుగా ఉన్న నేల మీద, పెరుగు డబ్బా అందుకోబోతుంటే అదే కాలు మళ్ళీ మడతపడింది. ఆ నేల మీద మంచు లేదు, మెట్టు లేదు, నేను పరుగెత్తనూ లేదు. సిగ్గుతో లేవబోతుంటే ఒక పెద్దావిడ నా పక్కనే గొంతుక్కూర్చుని సాక్సు కిందికి లాగారు. ఎముక వెనక అంచున బొటనవేలితో నొక్కి చూశారు.

"ఇక్కడ నొప్పి ఉందా?"

"అక్కడ లేదు ఆంటీ. జర కింద ఉంది."

"సరే. లేచి నాలుగడుగులు వెయ్యి, చూద్దాం."

వేశాను. "ఎముక కాదు," అని ఆవిడ నేల మీద చెయ్యి ఆనించకుండానే లేచి నిలబడ్డారు. నేను మాత్రం పెరుగు డబ్బాల అల్మారా పట్టుకుని ఉన్నాను. ఆవిడే సుగుణ గారు. కాకినాడ నుంచి పెళ్ళయి వచ్చి, ముప్పై ఏళ్ళు ఇక్కడి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారు. నన్ను కారులో ఇంటికి చేరుస్తూ, కాపడం సంగతి విని స్టీరింగ్ మీద చేత్తో కొట్టారు.

"మొదటి రెండ్రోజులూ వేడి పెట్టి రుద్దుతారా ఎవరైనా? లోపల ఎముకల్ని కలిపి ఉంచే పోగులు తెగిన చోట వాపు ఇంకా పెరుగుతుంది. కాలు ఎత్తులో పెట్టుకోవాలి, నొప్పి ఓర్చుకోగలిగినంత కదపాలి. ఆదివారం మా ఇంటికి రా. ఆ కాగితం కూడా తీసుకురా."

ఆదివారం ఆవిడ కాగితం విప్పారు. మడతలు కొత్తగా ఉండటం చూసి, "ఇందులో ఒక్కటీ చెయ్యలేదు కదూ?" అన్నారు. తల దించుకున్నాను. కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయాలని ఉంది మొదటి వ్యాయామం. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేదాకా వదిలేవారు కాదు.

"కాలితోని అక్షరాలు రాయమన్నరు ఆంటీ. ఎట్ల రాస్త?"

నవ్వుతారనుకున్నాను. ఆవిడ ఆ కాగితం మడిచి బల్ల మీద పెట్టారు.

"ఇన్నేళ్ళు ఈ మాట ఎంతమందికి చెప్పానో. చెయ్యకుండా వచ్చిన మనవాళ్ళందరినీ బద్ధకస్తులనుకున్నాను. ఎందుకు చెయ్యలేదని ఒక్కరినైనా అడగలేదు చూశావా?"

అంత అనుభవం ఉన్న మనిషి నా ముందు, ఏమీ తెలియని నా ముందు, తన తప్పు ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆవిడ సాక్సు తీసి, ఎడమకాలి మీద నిలబడి, కుడికాలితో గాలిలో "అ" రాశారు. తర్వాత "ఆ". తొందర లేదు, తూలడం లేదు. "ఱ" దాకా అన్నీ రాశారు.

"ఇంగ్లీషులో గీతలెక్కువ. మన అక్షరాలు చూడు, చీలమండని అన్ని వైపులా తిప్పుతాయి," అన్నారు. వంగి పాదాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నారు. "పుస్తకానికి చేస్తాం కదా, దీనికీ చేద్దాం. ఇదీ చదువుకుంటోంది. ఇప్పుడు నువ్వు."

నా "అ" కుండకి సొట్ట పడ్డట్టు వచ్చింది.

తర్వాతి ఆదివారాల్లో చదువు పెరిగింది. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడాలి. అది వచ్చాక మడతపెట్టిన తువ్వాలు మీద, ఆ తర్వాత కళ్ళు మూసుకుని. నేను మూడు అంకెలు లెక్కపెట్టేలోగా వంటింటి గట్టు పట్టుకునేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడి, పప్పులో తాలింపు ఎలా వెయ్యాలో మొత్తం చెప్పేవారు. చదును నేల మీద ఎందుకు పడ్డానని ఓసారి అడిగాను.

"పాదం ఎటు వాలుతోందో కబురు చెప్పే నరాలు ఆ తెగిన చోటే ఉంటాయమ్మా. వాపు పోయినా కబురు ఆలస్యంగా వస్తుంది. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. దానికి మళ్ళీ నేర్పాలి."

బూటు తాడు పై కన్నం దాకా బిగించడం, అరిగిన బూట్లు మొహమాటం లేకుండా పారేయడం, మంచు మీద చిన్న అడుగులతో పాదమంతా ఆనించి నడవడం, అన్నీ నేర్పారు. అంతా బాగుందని ఒక ఉత్తరం రాసివ్వమని చివరి వారం బతిమాలితే, "నీ కాలే చెప్పుకోవాలి," అని కొట్టిపారేశారు.

ప్లేస్‌మెంట్ మొదటిరోజు ప్లాంటు గేటు దాకా కారులో ఆవిడే దింపి, పార్కింగ్‌లో ఆగారు. ఎక్కడం బాగానే అయింది. దిగుతున్నప్పుడు మూడో అంతస్తు దగ్గర బూటు మెట్టు అంచున పడి కుడిపాదం లోపలికి వాలింది. అయిపోయింది అనుకున్నాను. ఆ అనుకోవడం పూర్తయ్యేలోపే పాదం నిటారుగా వచ్చేసింది. రెయిలింగు మీద నా చెయ్యి కూడా పడలేదు. వెనక వస్తున్న సూపర్‌వైజర్‌కి ఏమీ తెలియలేదు.

కారెక్కి, "పాసైన ఆంటీ," అన్నాను. "కానీ మధ్యల కాలు మడతపడబోయింది. నేనేం చెయ్యలే. అదే సర్దుకుంది."

ఆవిడ స్టార్ట్ చేసిన ఇంజను ఆపేశారు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆవిడ కళ్ళు తడయ్యాయి. "నా దగ్గరికి పడ్డవాళ్ళే వచ్చారమ్మా. పడబోయి పడనివాళ్ళు ఎందుకొస్తారు? ఆ సంగతి ఎవరి నోటా వినలేదు నేను," అన్నారు. ఫలితం కళ్ళారా చూడకుండా ఒక మనిషి ముప్పై ఏళ్ళు అంత శ్రద్ధగా పని చేయగలదా అని నేను విస్తుపోయాను. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం తీరలేదు.

సుగుణ ఆంటీ ఇప్పుడు సార్నియాకి గంట దూరంలో ఉన్న లండన్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఎనభై దగ్గర పడుతోంది. ఏటా చలికాలంలో నేను జారబోయి నిలదొక్కుకున్న ప్రతిసారీ, ఉన్నచోటే ఆగి, చేతి తొడుగు తీసి ఆవిడకి ఫోన్ చేస్తాను.

"ఆంటీ, ఇయ్యాల నేను పడలేదు."

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపిస్తుంది.

"ఎక్కడ పడలేదు? మొదట్నుంచీ చెప్పు."