మా అబ్బ కోయించిన గేరు రాడ్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న కారుకు సీట్లు రెండే. మనుషులం మాత్రం ముగ్గురం: మా అబ్బ, మా అవ్వ, నేను. మా వైపు తాతను అబ్బ అంటారు. మా అమ్మానాన్నలు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ చూసుకుంటూ అక్కడే ఉండేవాళ్లు. ఆ బండల దుమ్ము నా ఛాతీకి పడదని నన్ను కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో అబ్బ దగ్గర పెట్టి చదివించారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సెల్‌ఫోను ఉన్నవాళ్లు దాన్ని చొక్కా జేబులో అందరికీ కనపడేలా పెట్టుకుని తిరిగే రోజులవి.

ఆ కారు అందరిళ్లలో ఉండే రకం కాదు. పైకప్పు లేకుండా, నేలకు ఆనుకున్నట్టు పోయే పాతకాలపు స్పోర్ట్స్ కారు. అబ్బ వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఎవరో దేశం విడిచి వెళ్తూ అమ్మితే మోజుపడి కొన్నాడట. కొన్నందుకు అవ్వ మొదలుపెట్టిన తిట్లు నాకు ఊహ తెలిసేనాటికి కూడా అయిపోలేదు. వీధిలో వాళ్లు దాన్ని తొట్టి కారు అనేవాళ్లు. వాళ్లన్నదాంట్లో తప్పేమీ లేదు. అందులో కూర్చుంటే పక్కన పోయే లారీల చక్రాలు మన చెవుల దగ్గర తిరిగేవి.

రెండు సీట్ల నడుమ, గేర్‌బాక్సు మీద గట్టులాంటిది ఒకటి ఉండేది. దానిమీద బొంత మడిచి వేసి నన్ను కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు, అప్పుడు ఎవరూ అడగలేదు. నా మోకాళ్ల మధ్య పొడుగాటి గేరు రాడ్డు ఉండేది. ముందుకు తోస్తే ఒకటో గేరో మూడో గేరో పడేది. రెండో గేరుకూ నాలుగో గేరుకూ వెనక్కి లాగాలి. అలా లాగినప్పుడల్లా దాని కొసనున్న గుండు వచ్చి నా పొట్టకు తగిలేది. బాగా చిన్నగా ఉన్నప్పుడు అదో ఆట. అబ్బ చెయ్యి కదలగానే నేను పొట్ట లోపలికి పీల్చేదాన్ని.

మూడో తరగతికి వచ్చేసరికి ఎంత పీల్చినా చాలలేదు. ఒకరోజు రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుంటే అబ్బ రెండో గేరుకు లాగాడు. నేను అడ్డమయ్యాను. గేరు పూర్తిగా పడక జారిపోయింది, కారు వెనక్కి దొర్లింది. వెనక బండల లారీ ఉంది. అబ్బ బ్రేకు తొక్కాడు, లారీవాడూ తొక్కాడు, నడుమ మూరెడు జాగా మిగిలింది. లారీ డ్రైవరు దిగొచ్చి అబ్బ నెరిసిన తల చూసి ఆయన్ను తిట్టలేక నన్ను తిట్టి పోయాడు.

ఇంటికి రాగానే అవ్వ తేల్చేసింది. పిల్ల ఇక ఆ కారు ఎక్కేది లేదు. కార్తీక సోమవారానికి శ్రీశైలం పోయేటప్పుడు పక్కింటివాళ్లతో బస్సులో వస్తుంది, అంతే. ఏడాదికొకసారి ఆ తొట్టి కారులో అడవి దారిన శ్రీశైలం పోవడం తప్ప నాకు వేరే పండగ లేదు. నేను ఏడవలేదు గానీ అన్నం మానేశాను. మర్నాడు పొద్దున ఉగ్గాని చేస్తే తిన్నాననుకోండి, అది వేరే సంగతి.

అది తిన్నాక అబ్బ నన్ను వెంటబెట్టుకుని మా వీధి చివర ఉన్న మెకానిక్ షెడ్డుకు వెళ్లాడు. షెడ్డు నడిపే భాయి అబ్బ ఈడువాడే, ఎప్పటినుంచో ఆ కారును చూసుకునేది ఆయనే. గేరు రాడ్డు పై ముక్క కోసేసి, మిగిలినదానికి మళ్లీ మరచుట్లు తీసి, గుండు కిందికి దించి బిగించమన్నాడు అబ్బ. అలా చేస్తే గుండు అంత దూరం రాదు, నా పొట్టకు తగలదు. భాయి చేతులు తుడుచుకుంటూ అబ్బ ఎడమ చెయ్యి వైపు చూశాడు.

"కోసేదానికేముంది పెద్దాయనా. పొడుగుండాది కాబట్టి అది నీ మాట వింటాంది. కురచ చేస్తే బరువైతాది. నీ ఎడమ రెట్ట సంగతి నాకు తెల్దా?"

బోరింగు కొట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. పిడి కొసన పట్టుకుంటే చిన్నపిల్ల కూడా కొట్టగలదు, మొదలు దగ్గర పట్టుకుంటే పెద్దవాళ్లు కూడా ఆపసోపాలు పడాల్సిందే. అబ్బకు ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో బండ జారి ఎడమ భుజం మీద పడింది. అప్పటినుంచి ఆ చెయ్యి సగమే పనిచేసేది. గేరు వేయాల్సింది ఆ చేత్తోనే.

అబ్బ వాదించలేదు. షెడ్డులో ఒక నూనెగుడ్డ పీలిక తీసుకుని, రాడ్డు ఎక్కడ కోయాలో అక్కడ ముడి వేశాడు. ముడి దగ్గర పట్టుకుని నడిపి చూస్తే కోసినట్టే కదా అన్నాడు. నన్ను అవ్వ సీటులో కూర్చోబెట్టుకుని నంద్యాల రోడ్డులో కొంత దూరం పోయి వచ్చాడు. దిగేసరికి ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. ఎండ అన్నాడు. కర్నూలులో ఎండ అంటే ఎవరు మాత్రం కాదంటారు? బాగుంది, కోసెయ్యమని భాయికి చెప్పాడు.

సంగతి తెలిసి అవ్వ ఊరుకుంటుందా? మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూనే అందుకుంది.

"ఆ పిల్ల మునగచెట్టు మాదిరి పెరుగుతాంది. రెండేండ్లయితే ఆ సందులో పట్టనే పట్టదు. అప్పుడేం కోస్తావు?"

"రెండేండ్లు తక్కువా?" అన్నాడు అబ్బ. మజ్జిగ పోయమని గిన్నె ముందుకు జరిపాడు.

శ్రీశైలానికి ముగ్గురం కారులోనే బయల్దేరాం. ఆత్మకూరు దాకా నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పొట్టకు ఏమీ తగలడం లేదు, కాళ్లు చాపుకుని రాణిలా కూర్చున్నాను. అడవిలో మలుపులు మొదలయ్యాక తెలిసింది. ప్రతి మలుపుకూ రెండో గేరు, మలుపు దాటితే మూడు, వెంటనే మళ్లీ రెండు. లాగేటప్పుడల్లా అబ్బ ఊపిరి బిగబట్టేవాడు. మోచెయ్యి నా పక్కనే ఉంది కదా, అది వణకడం నా తొడకు తెలుస్తోంది. ఒకచోట గేరు పడలేదు. మళ్లీ లాగాడు. మూడోసారికి పడింది.

ఆ తర్వాతి మలుపులో అవ్వ, తిట్టడం ఆపకుండానే, కొంగు నడుముకు దోపి, నా ఒడి మీదుగా కుడిచెయ్యి సాచి గుండు మీదున్న అబ్బ చేతిని పట్టుకుంది. ఆయన క్లచ్ తొక్కగానే ఇద్దరూ కలిసి లాగారు. గేరు మెత్తగా పడింది. కారు గురించి ఓనమాలు తెలియని మనిషి, నాలుగు మలుపులు తిరిగేసరికి ఇంజను చప్పుడును బట్టి చెయ్యి ముందే సాచేది. అలాగే కొండ మీదికి చేరాం. ఆ రెండు చేతులూ నా కళ్ల ముందే కదులుతున్నాయి. ఇదంతా నా మూలంగానే కదా అనిపించింది.

దర్శనం అయ్యాక సత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు, తిరిగి పోయేటప్పుడు నేను బస్సులో పోతానని చెప్పాను. ఇరుకయిందా అని అడిగాడు అబ్బ. కాదు, నాకోసం రాడ్డు కోయించి నువ్వు చెయ్యి నొప్పి పడుతున్నావు అన్నాను. అప్పుడిక ఏడుపు ఆగలేదు.

"నీ కోసరం కోయించినానని నీకెవరు చెప్పినారు పాపా?" అన్నాడు అబ్బ, నిజంగా ఆశ్చర్యపోయినట్టు. "మేమిద్దరమే పోతే మీ అవ్వ దావంతా నాతో కొట్లాడతాది. నాకు నడుమ ఒక మనిషి కావల్ల. నా అక్కరకు నేను కోయించుకుంటి. నువ్వు బస్సెక్కితే నా రాడ్డు దండగైపోతాది."

అవ్వ అక్కడే ఉంది. కాదనలేదు. పులిహోర పొట్లం విప్పి ముందు నాకు పెట్టింది. ఎనిమిదేళ్ల పిల్లను, ఇద్దరు పెద్దవాళ్లు ఒక్క మాట మీద ఉంటే నమ్మక ఏం చేస్తాను? మనసు తేలికయిపోయింది. అబ్బకు నా అవసరం ఉందని గర్వంగా కూడా అనిపించింది. తిరుగు ప్రయాణంలో గట్టు మీద నిటారుగా కూర్చుని, వాళ్లు కొట్లాడుకోకుండా చూసే బాధ్యత నాదన్నట్టు కబుర్లు చెబుతూనే ఉన్నాను.

అవ్వ అన్నట్టే రెండేళ్లు నిండకముందే నేను ఆ సందులో పట్టడం మానేశాను. రాడ్డు కురచగానే ఉండిపోయింది. మళ్లీ అతికించుకోవచ్చు కదా అని భాయి అన్నా అబ్బ వినిపించుకోలేదు. ఆ ఏడు కార్తీకంలో నాకు పరీక్షలున్నాయని వాళ్లిద్దరే బయల్దేరారు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. కొట్లాట లేదు, ఏమీ లేదు. అబ్బ క్లచ్ తొక్కాడు, అవ్వ దారి వైపు చూస్తూనే చెయ్యి సాచింది, కారు కదిలింది. నడుమ మనిషి అవసరం వాళ్లకు ఎన్నడూ లేదని ఆ రోజు తెలిసింది. కోపం రాలేదు. సత్రం అరుగు మీద నా మనసు మీది బరువును ఆయన ఎంత సులువుగా దించేశాడో అర్థమై, గేటు పట్టుకుని చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

వాళ్లు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ ఇంట్లో నేనే పెద్దదాన్ని. పోయిన వేసవిలో మా చిన్నాన్న చిన్నకూతురు పరీక్షకు చదువుకోవడానికి వచ్చి మా ఇంట్లో ఉంది. కింద ఉన్న చల్లని గది తనకిచ్చి నేను మిద్దె మీది గదికి మారాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, నావల్ల మీకు ఇబ్బంది కదా అంది. కర్నూలు వేసవిలో మిద్దె మీది గది ఎట్లా ఉంటుందో ఆ పిల్లకింకా తెలియదు. నీకోసం ఎవరు మారారు, పైన గాలి బాగా తగులుతుందని ఎప్పటినుంచో మారాలనుకుంటున్నాను, నువ్వు వచ్చాకే కుదిరింది అని చెప్పాను. ఆ పిల్ల హాయిగా పుస్తకాలు సర్దుకుంది. నేను మెట్లెక్కి పైకి వెళ్లి తలుపు తీశాను. గాలి లేదు.