బరువు పెరిగిన సూర్యనారాయణ గారు

ఇందులో ప్రతి అక్షరం నిజం. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఆ నీటి మీదే ఒట్టు పెడుతున్నాను. ఇలా మొదలుపెట్టడానికి కారణం ఉంది. నేను జానెడు చేపను చూసొస్తే, చెప్పేటప్పటికి అది పడవంత అవుతుందని మా ఆఫీసులో పేరు. అలాంటివాడికి నిజానిజాలు సరిచూసే ఉద్యోగం ఇచ్చారు.

కరోనా తగ్గి, జనం మాస్కులు తీసేసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్న ఏడాది, రాజమండ్రిలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి రిజిస్ట్రీ విభాగానికి నన్ను డేటా మేనేజర్‌గా వేశారు. యాభై దాటాక ముందస్తు రిటైర్మెంటు తీసుకునేదాకా అక్కడే ఉన్నాను. రిజిస్ట్రీ అంటే, ఏ రోగికి జబ్బు ఏ దశలో బయటపడింది, ఏ మందు ఇచ్చారు, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నారు అన్నది ఏళ్ళ తరబడి నమోదు చేసే చోటు. కొత్త మందును కంపెనీలు ఏరి తీసుకున్న రోగుల మీద పరీక్షిస్తాయి. బీపీ, సుగరు ఉండి, చుట్ట మానకుండా, పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్ర మర్చిపోయే మన మనుషుల మీద అదే మందు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మా రికార్డే దిక్కు. అందులో తప్పు దొర్లితే రేపటి వైద్యంలోనూ అదే తప్పు ఉంటుంది.

మా పై అధికారి డాక్టర్ సుభద్ర గారు, క్యాన్సర్ వైద్య విభాగానికి అధిపతి. కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఇచ్చే ఒక మాత్ర గురించి ఆవిడ ఆలోచిస్తున్నారు. ఆ మాత్ర మనిషిని నీరసపెడుతుంది, అరికాళ్ళు పొక్కిపోతాయి. దాన్ని మధ్యలో మానేసినవాళ్ళు కూడా బాగానే ఉన్నట్టు మా రికార్డు చెబుతోంది. అదే నిజమైతే మిగతావాళ్ళకూ ముందే ఆపేయవచ్చు. నిజం కాకపోతే, ఆపినందుకు ప్రాణాలు పోతాయి. నిర్ణయం తీసుకునే ముందు ఆ రికార్డులన్నీ సరిచూడమని నాకు అప్పజెప్పారు.

మా పద్ధతి సులువే. ఫోన్‌లో ఇంటివాళ్ళు చెప్పింది, ఓపీ ఫైలులో ఉన్నది, మందుల కౌంటరు కంప్యూటరులో ఉన్నది పక్కపక్కన పెట్టి చూడాలి. మూడూ ఒకే మాట చెప్పాలి. మొగల్తూరు సూర్యనారాయణ గారి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రొయ్యల చెరువులు చేసే మనిషి. ఆసుపత్రికి రావడం మానేశారు, మాత్రలు తీసుకోవడం మానేశారు. ఫోన్‌లో మాత్రం నెలనెలా మెరుగవుతున్నారు. ఆకలి బాగుంది, నొప్పి లేదు, బరువు పెరిగారు, ఈమధ్య మెట్లు కూడా ఎక్కుతున్నారు. కోతలు కోసే నాకే అది కోతలా అనిపించింది.

నెలకోసారి రోగుల ఇళ్ళకు ఫోన్లు చేసే అమ్మాయి లక్ష్మి. పిలిచి అడిగాను.

“నేను అడిగేలోపే వాళ్ళావిడ గడగడా చెప్పేస్తారండి. ఆఁ, తింటున్నారు, బరువు పెరిగారు, సంతోషమండి, అని పెట్టేస్తారు. నాకు టిక్కులు పెట్టడమే పని.”

“నీకు అనుమానం రాలేదా?”

“రోజూ మీ మాటలు వింటున్నానుగా సార్. ఇంక దేనికీ అనుమానం రాదండి నాకు.”

ఫోన్‌లో తేలని విషయానికి ఇంటికి వెళ్ళాలన్నది నియమం. నరసాపురం దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. సూర్యనారాయణ గారి భార్య వెంకటలక్ష్మి గారు వరండాలోకి వచ్చారు. ఫలానా ఆసుపత్రి నుంచి అనగానే వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఆవిడ నుదుట బొట్టు లేదు. గది ద్వారబంధానికి, సరిగ్గా ఆవిడ చేతికి అందే ఎత్తులో, ఎర్రటి స్టిక్కరు బొట్టు ఒకటి అంటించి ఉంది.

లోపల్నుంచి ముసలి గొంతు వినబడింది. “ఎవరే అమ్మా? ఆసుపత్రోళ్ళా?”

వెంకటలక్ష్మి గారు ద్వారబంధం మీది బొట్టు తీసి నుదుట పెట్టుకుని లోపలికి వెళ్ళారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చారని అత్తగారికి గట్టిగా చెప్పారు. బయటికొచ్చి, బొట్టు తీసి మళ్ళీ ద్వారబంధానికి అంటించారు. నేను అడగాల్సిన ప్రశ్న ఏదీ మిగల్లేదు.

మిగిలింది ఆవిడే చెప్పారు. జబ్బు తిరగబెడితే విశాఖలో బంధువుల ఇంటికి తీసుకెళ్ళారట. అక్కడే పోయారు, కర్మకాండలూ అక్కడే జరిపించారు. అప్పటికే ఆయన తల్లి తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నారు. గుండె కూడా బలహీనం. నాలుగు రోజులాగి చెబుదామనుకున్నారు, ఆ నాలుగు రోజులు గడవనే లేదు. కొడుకు విశాఖ ఆసుపత్రిలో ఉన్నాడనీ, నెలకోసారి వచ్చే ఫోను అక్కణ్ణుంచేననీ మామ్మగారి నమ్మకం. ఆవిడ మంచం పక్కన నిలబడి, ఆసుపత్రివాళ్ళు చెబుతున్నది తిరిగి పలుకుతున్నట్టు కోడలు మాట్లాడేది. దాన్నే లక్ష్మి నమోదు చేసుకుంది.

“మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదండి. మీ ఫోను వచ్చే రోజని పొద్దున్నుంచీ కాసుక్కూర్చుంటారు. ఆ పూటే కాస్త అన్నం తింటారు. ఆవిడ ఎదురుగా ఆ మాట నేనెలా అనేది?”

ఈ తప్పు సరిదిద్దకపోతే వేరే రోగులకు మందు ఆగిపోతుందని చెప్పాను. ఆవిడ అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

“పోయారని రాసుకోండి. ఫోను మాత్రం ఆపకండి.”

మరణం నమోదు కాగానే ఆ నంబరు పిలవాల్సిన జాబితా నుంచి దానంతటదే తొలగిపోతుంది. అదీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. నా సొంత ఫోన్ నుంచి చేస్తానని కూడా చెప్పాను.

మాట నిలబెట్టుకున్నాను. ప్రతి నెలా చేసి, సూర్యనారాయణ గారు ఏం తిన్నారో, వార్డులో ఎవరితో పేకాడారో వర్ణించేవాణ్ణి. వంజరం చేప ముక్క అడిగి మరీ వేయించుకున్నారని చెబితే ఒకసారి మామ్మగారే ఫోను తీసుకుని, “వాణ్ణి ఎండలో తిరగొద్దన్నానని చెప్పు బాబూ” అన్నారు.

మాత్ర మానేసిన మిగతావాళ్ళ ఇళ్ళకూ తిరిగాను. బాగున్నారని రాసి ఉన్నవాళ్ళలో మరికొందరు కూడా బతికి లేరు. చావు కబురు ఫోన్‌లో చెప్పడం ఇష్టంలేక కొందరు, చెప్పే ఓపిక లేక కొందరు, బాగానే ఉన్నారండి అనేశారు. సుభద్ర గారు మాత్ర ఆపే ఆలోచన విరమించుకున్నారు. ఫోన్ చేసే పద్ధతి మార్చాం. రోగి ఎలా ఉన్నారన్నది మొదటి ప్రశ్న కాదు. మాట్లాడుతున్నది ఎవరు, పక్కన ఎవరున్నారు, ఇప్పుడు వీలవుతుందా, లేక మళ్ళీ చెయ్యమంటారా అని ముందు అడగాలి. ఇంకోచోట రుజువు దొరకని ‘బాగున్నారు’ను ‘తెలియదు’ అనే రాయాలి. ఎవరి ఎదుట నిలబడి చెప్పారో తెలియని జవాబును లెక్కలోకి తీసుకోకూడదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది.

ఒట్టు పెట్టాను కనుక ఒకటి ఒప్పుకోవాలి. నేను ఫోన్ చేశానన్నది కల్పన. వంజరం ముక్క, పేకాట, ఎండ గురించి మామ్మగారన్న మాట, అన్నీ నేను అల్లినవే. నంబరు నా ఫోన్‌లో ఎక్కించుకున్నది మాత్రం నిజం. నెల తిరిగాక తీసి చూసి పెట్టేశాను. ఇన్ని కోతలు కోసిన నోటికి ఆ ఒక్క అబద్ధం రాలేదు. ఆ ఇంటికి మళ్ళీ ఫోన్ వెళ్ళలేదు.