తేటపడిన వారం

నిన్న భీమవరంలో పరీక్షల ల్యాబులో పనిచేసే పిల్ల నేనిచ్చిన మూత్రం సీసాను వెలుతురుకు పట్టి చూసి, "నీళ్లలా ఉందండి మామ్మగారూ, భయమేం లేదు" అంది. ఆ మాటకే నాకు భయమేసింది. పిల్ల తప్పేం లేదు. మనుషుల వరకు అది నిజమే.

తొంభై ఎనిమిది వేసవి. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు కావడంతో పాలకొల్లులో మావయ్య ఇంట్లో ఉన్నాను. ఆటోలు వచ్చాక ఆయన జట్కా బండి అమ్మేశాడు గానీ తెల్ల ఆడగుర్రాన్ని అమ్మలేకపోయాడు. పిల్లల్లేని ఇల్లు. దాన్ని "అమ్మాయి" అని పిలిచేవాడు. "ఏవండీ, మీ అమ్మాయికి కాఫీ కూడా కలపమంటారా?" అని అత్తయ్య ఎత్తిపొడిచేది, అంటూనే నానబెట్టిన ఉలవలు పట్టుకెళ్లేది.

ఏప్రిల్‌లో గుర్రం విపరీతంగా నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పొద్దున నింపిన తొట్టి మధ్యాహ్నానికల్లా అడుగంటేది. పక్కటెముకలు తేలాయి. వేడి చేసిందన్నారు అందరూ. మన ఇళ్లలో ఏ జబ్బుకైనా ముందు పెట్టే పేరు అదే. పలచటి మజ్జిగ, బార్లీ నీళ్లు పట్టారు. గుర్రం మూత్రం ఎప్పుడూ కుడితిలా మబ్బుగా ఉండేది. మే నెలలో ఒక ఉదయం తేటగా పడింది. వేడి దిగిపోయిందని మావయ్య వీధంతా చెప్పుకున్నాడు. అత్తయ్య గారెలు వండింది.

వారం తిరిగేసరికి గుర్రం ఉలవలు ముట్టడం మానేసింది. దాని నోటి నుంచి ముక్కు మండే వాసన. పశువుల డాక్టరుగారు వచ్చి పెదవి ఎత్తి చిగుళ్ల మీది పుళ్లు చూశారు. పొట్ట కింద వాపు మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. మూత్రం ఎలా ఉందని అడిగారు.

"కొబ్బరినీళ్లలా తేటగా ఉందండి," అన్నాడు మావయ్య, కాస్త గర్వంగానే.

డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ చెప్పారు. "గుర్రానికి మబ్బుగా ఉంటేనే ఆరోగ్యమండి. మూత్రపిండాలు పాడైపోయినట్టున్నాయి. తాగిన నీళ్లు తాగినట్టే పోతున్నాయి, విషం ఒంట్లోనే ఉండిపోతోంది. నెత్తురు పరీక్షకు పంపుతాను, కానీ ఆశ పెట్టుకోకండి."

"మరి నీళ్లు తగ్గించమంటారా?" అంది అత్తయ్య.

"వద్దండి. అడిగినన్ని పెట్టండి."

ఆ గొంతు విన్నాక అత్తయ్య తొట్టి నింపడానికి వెళ్లింది.

పరీక్షలోనూ అదే తేలింది. తొలకరి పడకముందే గుర్రం పోయింది. తారీఖులన్నీ వరసగా వేసుకుని చూస్తే, ఆ వేసవి మొత్తంలో మేము ముగ్గురం నిశ్చింతగా నిద్రపోయింది ఆ తేటపడిన వారంలోనే.