దేవనాథన్ గారి ఎర్ర పెన్సిలు

గొప్పలు ఎక్కడ కనబడినా ఎర్ర పెన్సిలుతో కొట్టేయకపోతే దేవనాథన్ గారికి అన్నం దిగేది కాదు. చిత్తూరు జిల్లాలో మందుల ఇన్‌స్పెక్టరు ఆయన. లేహ్యాల సీసాల మీదా, బలం పొడుల పొట్లాల మీదా ఆధారం లేని మాట కనబడితే పట్టుకోవడమే ఉద్యోగం. ఉద్యోగం సాయంత్రం ఐదింటికి ముగిసేది. పెన్సిలుకు మాత్రం వేళాపాళా లేదు.

హోటలు పలక మీద ‘రుచికరమైన ఇడ్లీ’ అని ఉంటే మొదటి మాట కొట్టేసి, రెండోది తినేవారు. కూతురి శుభలేఖలో పెళ్లికొడుకు పేరు ముందున్న ‘చిరంజీవి’ని సైతం వదల్లేదు.

“అదేం పనండీ!” అని భార్య కుముదవల్లి నెత్తి కొట్టుకుంది.

“చిరంజీవని ఎవురు పరీక్ష చేసినారు? పిల్లోడు మంచోడు. మనకు తెలిసింది అంతే.”

1978లో ఒక ఆదివారం ఆయన తిరుపతి బస్టాండు దగ్గర దేవకమ్మ కొట్టు ముందు ఆగారు. దేవకమ్మ రాగులు, పెసలు వేయించి, తిరగట్లో విసిరి, బెల్లం కలిపి, బలం పొడి అమ్మేది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన కూతురు పంకజాక్షి చీటీలు రాసి పొట్లాలకు అంటించేది. ఇద్దరి పొట్టలూ ఆ పొడితోనే నిండాలి. కొండ మీద గుండు కొట్టించుకుని దిగేవాళ్లే బేరాలు కనుక, ‘నెలలో జుట్టు వచ్చును’ అని రాయించింది దేవకమ్మ.

“దీనికి ఆధారముండాదా అమ్మా?”

“లేకేం సామీ! కొన్నోళ్లందరికీ వచ్చినాది. రాలేదని ఒక్కరన్నా తిరిగొచ్చినారా?”

“కొననోళ్లకూ వస్తాది కదమ్మా!”

“వాళ్ల సంగతి మనకెందుకు సామీ?”

తలుపు చాటున పంకజాక్షి వెనక్కి తిరిగి చూసింది. లోపల అలాంటివే నాలుగు వందల పొట్లాలున్నాయి.

“రేపు పై ఆఫీసరు తనిఖీకి వస్తాడు. ఈ మాట చూసినాడంటే సరుకంతా ఎత్తుకపోతాడు. చాప యాడుండాది?” అన్నారాయన.

మైదా గంజితో అంటించిన చీటీలు. పీకితే పొట్లమే చినిగేది. అందుకని ఆయన పొద్దుగూకేదాకా కూర్చుని ఆ మాటల్నే కొట్టేశారు. ఎప్పుడూ ఒక్క గీతతో సరిపెట్టే మనిషి, ఆ రోజు అక్షరం ఆనవాలు లేకుండా రుద్దుతూనే ఉన్నారు. ఎందుకో పంకజాక్షికి అంతుబట్టలేదు.

సోమవారం పై ఆఫీసరు దిగాడు, వెనకే దేవనాథన్ గారు. ఆఫీసరు ఒక పొట్లం ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు. చీటీ మీద ‘రాగులు, పెసలు, బెల్లం’. కింద ఎర్రటి మచ్చ.

“ఇక్కడ ఏం రాసుండె?”

దేవకమ్మ నోరు తెరవబోయింది. పంకజాక్షి చాటునుంచే తల్లి కొంగు పట్టి లాగింది.

“ఇప్పుడు చదివేదానికి కాదు సార్,” అన్నారు దేవనాథన్ గారు.

“కొట్టిందెవరు?”

“నేనే సార్. నిన్న.”

“నిన్న ఆదివారం కదయ్యా! నీకు డ్యూటీ యాడిది?”

“అందుకే కేసు రాసేదానికి కుదర్లేదు సార్. గీసేదానికి మాత్రం కుదిరింది.”

ఆఫీసరు ఆయన వంక ఎగాదిగా చూసి, నవ్వు మీసాల్లో దాచుకుని, పొట్లం కిందపెట్టి జీపు వైపు నడిచాడు.

పంకజాక్షి తలుపు చాటునుంచి బయటికొచ్చి, వేడి పాలలో పొడి కలిపిన గ్లాసు అందించింది.

“ఎట్లుండాది సార్?”

దేవనాథన్ గారు చివరి చుక్క దాకా తాగారు. ఆఫీసరు జీపెక్కాడా లేదా అని ఒకసారి తొంగిచూసుకుని, గొంతు తగ్గించి అన్నారు:

“లోకంలోనే ఇట్లాంటిది లేదు పాపా!”