నానొచ్చీసాను, నువ్వెళ్లు

మా పెదనాన్న పోయారు. మొన్న సోమవారం పొద్దున్న, స్టీలు ప్లాంటుకి వెళ్లేవాళ్ల స్కూటర్లు మా క్యాంప్ 1 సందులోంచి ఒక్కొక్కటే బయటపడే వేళకి. "షిఫ్ట్ మారే టైముకే పోయాడు చూడండి, చచ్చినా టైము తప్పడు" అని పెద్దమ్మ ఏడుస్తూనే అంది. మాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన సంగతి ఎప్పుడూ ఇంతే.

నేను డిజైనర్ని. దుకాణాలకి లోగోలు, పోస్టర్లు, డబ్బాల మీద బొమ్మలు చేస్తాను. రాయ్‌పూర్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో ఒళ్లు హూనమయ్యేలా చేసి చేసి, ఒకరోజు రాజీనామా మొహాన కొట్టి ఇంటికొచ్చేశాను. ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని ఫ్రీలాన్స్ అన్నాను. అమ్మ సందంతా నాకు కామెర్లని చెప్పింది. ఉద్యోగం మానేసిందనడం కంటే కామెర్లే నయమట!

పెదనాన్నది పక్కిల్లే. రోలింగ్ మిల్లులో చేసి రిటైరైన మనిషి. కబురు తెలిసి వచ్చి, కంప్యూటర్ని వెనకా ముందూ చూసి, ఒక్కటే అడిగారు.

"నీ రిలీవర్ ఎవులే?"

ప్లాంటులో అదొక నియమం. తరవాతి షిఫ్ట్ మనిషి వచ్చి పక్కన నిలబడి "నానొచ్చీసాను, నువ్వెళ్లు" అనేదాకా మిషను వదిలి కదలకూడదు. రిలీవర్ ఆలస్యం చేశాడని తన పెళ్లిచూపులకే గ్రీజు చేతులతో వెళ్లారాయన.

"ఫ్రీలాన్సులో రిలీవరుండడు పెదనాన్నా. నేనొక్కర్తినే."

"అలగైతే డ్యూటీ దిగీదెప్పుడే?"

దిగడమే లేదు. కంచం ఒళ్లో పెట్టుకుని తింటున్నాను. పిలిచిన వెంటనే పలక్కపోతే క్లయింట్ పోతాడని భయం. ఉన్న పెద్ద క్లయింట్ ఒక్కడే, సుపేలాలో మిఠాయి దుకాణం సేఠ్. అతనూ పోతే మళ్లీ ఆ ఏజెన్సీ గుమ్మమే ఎక్కాలి.

మర్నాడు భోజనాల వేళకి పెదనాన్న ఇస్త్రీ చొక్కాతో, భుజాన తువ్వాలుతో హాజరు. "నానొచ్చీసాను, నువ్వెళ్లు. తినీసి కాసేపు నడుం వాల్చు." తువ్వాలు నా కుర్చీ మీద వేసి కూర్చున్నారు. మౌస్ ముట్టుకోరు. తెర వైపు మాత్రం, ఎక్కడ పొంగిపోతుందోనని పాలగిన్నెని చూసినట్టు చూస్తారు. నేను తిరిగి రాగానే లేచి, "ఆల్ నార్మల్" అని అప్పజెప్పి వెళ్లిపోతారు. అది రోజూ అలవాటైపోయింది.

ఒకరోజు నేను అన్నం ముందు ఉండగా సేఠ్ వీడియో కాల్. ఈయన ఎత్తేశారు! ఎంగిలిచేత్తో పరిగెత్తేసరికి హిందీలో దంచుతున్నారు. "డిజైనర్ డ్యూటీ మే నహీ హై. మై రిలీవర్ హూఁ. క్యా ఖరాబీ హై, బోలో." డిజైనర్ డ్యూటీలో లేదట, రిలీవరు తనట, ఏం పాడైందో చెప్పాలట!

లడ్డూ డబ్బా మీద దుకాణం పేరు ఇంకా పెద్దగా కావాలట. అప్పటికే డబ్బా అంతా పేరే.

"ఇంకా పెద్దది చేస్తే లడ్డూ ఎక్కడ పెడతావు భయ్యా?" అన్నారీయన.

సరే, ఆదివారం మాట్లాడతానన్నాడు సేఠ్.

"సండే షట్‌డౌన్" అని ఫోన్ పెట్టేశారు.

"ఓలమ్మో! కొంప ముంచీసావు పెదనాన్నా!" అని నెత్తి బాదుకున్నాను.

"తిన్నావా, మధ్యలో లెగిసి వొచ్చీసావా?" అన్నారు.

ఆదివారమంతా ఫోన్ కేసి చూస్తూ గడిపాను, మోగలేదు. సోమవారం సేఠే చేశాడు. "దీదీ, మీ మేనేజర్ సాబ్ దగ్గర్లో లేరు కదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. పేరు ఉన్నట్టే ఉంచమన్నాడు. ఇంకో దుకాణం పని కూడా ఇప్పించాడు. ఆదివారాలు మళ్లీ పిలవలేదు. అమ్మ సందులో నా కామెర్లు తగ్గించేసి, "మా పిల్లకి మేనేజరు కూడా ఉన్నాడు" అని చెప్పుకుంది.

ఆఖర్న ఆస్పత్రిలో పెదనాన్న కన్ను మూసేవారు కాదు. ఊరికే గుమ్మం కేసి చూసేవారు. ఎవరికోసమో పెద్దమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పక్కన నిలబడి, "నానొచ్చీసాను పెదనాన్నా" అన్నాను. మిగతా మాట అనడానికి నోరు రాలేదు. ఆయన చూస్తూనే ఉన్నారు. సగం అప్పగింత ఒప్పుకునే మనిషా?

"నువ్వెళ్లు" అన్నాను.

"ఆల్ నార్మల్" అని, కళ్లు మూసుకున్నారు. మర్నాడు పొద్దున్నే పోయారు.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి అన్నానికి పిలిచింది. ఆస్పత్రికెళ్లే ముందు ఆయన వదిలేసిన తువ్వాలు ఇంకా నా కుర్చీ మీదే ఉంది. వస్తున్నానన్నాను గానీ, లేవలేక గుమ్మం కేసి చూస్తూ కూర్చున్నాను.