లేని కాలికి దురద

షుగర్ ముదిరి మా బాపుకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. రిటైరయ్యేదాకా రోజూ బొగ్గుబాయిలోకి దిగిన కాలది. పుండు మానింది, ఇంటికొచ్చాడు, గండం గడిచిందనుకున్నాం. అప్పుడు మొదలైంది దురద. ఎక్కడనుకున్నారు? ఆ లేని కాలికి, అరికాల్లో!

"పాణం పోతుంది బిడ్డా" అంటూ బాపు మంచంపట్టె పట్టుకొని గింజుకునేవాడు. ఇంటిల్లిపాదినీ నవ్వించే మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే నాకు ఏడుపొచ్చేది. డాక్టరును అడిగితే, కాలు పోయినా మెదడులో దాని జాగా అట్లాగే ఉందన్నాడు.

నేను గోదావరిఖనిలో పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఆ మాట నన్ను వదల్లేదు. లేని కాలు మెదడులో ఉంటే, ఉన్న కాలు మాత్రం ఎక్కడున్నట్టు? అదీ మెదడు గీసుకున్న బొమ్మేనా? మరి ఈ మంచం, ఈ గోడ, నేను? వంటింట్లో అవ్వను, అంటే మా అమ్మను, ఆపి ఇదంతా వివరించబోయాను.

"నీ బొంద! ముందుగాల మీ బాపుకు దురద పోయే ఉపాయం చెప్పు" అని అవ్వ కసిరింది. తనే పోయి మంచం మీద, పాదం ఉండాల్సిన చోటు పక్కన కూర్చొని, ఉత్త గాలిలో గోకడం మొదలుపెట్టింది.

"గీడనా?"

"పిచ్చి లేసిందానే నీకు?"

"చెప్పయ్యా, గీడనా?"

బాపు కాసేపు ఆ చేతినే చూశాడు. "జర పైకి. జర గిటు... హా! గక్కడనే!"

ఎన్నాళ్ళకు నవ్వాడో! నేను పడీ పడీ నవ్వాను. అవ్వ మాత్రం బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా గోకుతూనే ఉంది.

ఇందులో వింతేముంది, కళ్ళు చేతిని చూస్తాయి, మెదడు మోసపోతుంది అని తేల్చేశాను. ఒక మధ్యాహ్నం అవ్వ పెరట్లో బట్టలు ఉతుకుతుంటే బాపుకు మళ్ళీ దురద లేచింది. నా సిద్ధాంతం ఉంది కదా, నేనే కూర్చున్నాను. అదే చోటు, అదే గాలి. గోకి గోకి నా చెయ్యి నొచ్చింది.

"పోతలేదు బిడ్డా. మీ అవ్వను పిలువు."

"ఎవరి చెయ్యైతే ఏంది బాపూ! గాలే గదా!"

"ఒక్కటెట్లయితదే? గా కాలు నీకేం ఎరుక? డ్యూటీ దిగొచ్చిన ప్రతిసారి నూనె రాసింది మీ అవ్వ."

నేను ఆ కాలును ఇన్నాళ్ళూ ఒక్క తలలోనే వెతుకుతున్నాను. అది ఇంకో తలలో కూడా ఉందని నాకు తట్టనే లేదు. చెప్పలేనంత సంతోషమేసింది.

అవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నన్ను పక్కకు జరిపింది. బాపు హాయిగా కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "ఇగ మడమ కాడ లేస్తది, ఆగు" అంటూ అవ్వ చెయ్యి అటు జరిపింది.

బాపు ఇంకా అడగనే లేదు.